ఇన్సులిన్ మాత్ర ఎందుకు రావట్లేదు? బయోపాలిమర్ నానోకణాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల పెంకుల నుంచి తీసే చిటోసాన్ అనే పదార్థంతో అతి చిన్న రేణువులు (నానోకణాలు) చేసి, వాటిలో ఇన్సులిన్ పెట్టి నోటిద్వారా ఇవ్వడం అనే టాపిక్ మన ఫార్మసీ కాలేజీల ప్రాజెక్టుల్లో కొత్తదేం కాదు. ఇంకోవైపు ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు "మాత్ర వచ్చేసిందట కదా" అని పేపర్ కటింగ్ చూపిస్తుంటారు. విద్యార్థులవీ రోగులవీ కలిపి, మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే సందేహాలన్నీ ఇక్కడ చేర్చాను. వరసగానే చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోవచ్చు.

## అసలు ఇబ్బంది ఎక్కడ?

ఇన్సులిన్‌ని తాగేస్తే ఏమవుతుంది? ప్రమాదమా?

ఏమీ కాదు, షుగర్ కూడా తగ్గదు. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలు రెండు గొలుసులుగా కూర్చిన చిన్న ప్రోటీన్. పరగడుపున పొట్టలో పీహెచ్ 1-2 దాకా పడిపోతుంది, అక్కడ ప్రోటీన్‌ని ముక్కలు చేసే పెప్సిన్ అనే ఎంజైము ఉంటుంది. దాన్ని తప్పించుకున్నదాన్ని చిన్నపేగులో ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ ముక్కలు చేస్తాయి. మీరు తిన్న కందిపప్పులోని ప్రోటీన్‌కి ఏ గతి పడుతుందో దీనికీ అదే.

పొట్టలో కరగని క్యాప్సూల్లో పెట్టేస్తే సరిపోదా?

అందరికీ మొదట తట్టే ఆలోచన ఇదే. ఆమ్లంలో కరగకుండా పేగులో కరిగే పూత కొత్తదేం కాదు. గ్యాస్‌కి వేసుకునే పాంటోప్రజోల్ మాత్ర మీదా అలాంటి పూతే ఉంటుంది. దానితో పొట్ట దాటించొచ్చు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. పేగులో ఎంజైములు కాచుకుని ఉంటాయి. వాటినీ తప్పించినా ఎదురుగా పేగు గోడ ఉంటుంది.

పారాసెటమాల్ అణుభారం 151. ఇన్సులిన్‌ది సుమారు 5800, అంటే దాదాపు 38 రెట్లు. పైగా ఇన్సులిన్ నీళ్ళలో ఇమిడే రకం కాబట్టి కణాల కొవ్వు పొరలోంచి దూరిపోలేదు. రెండు కణాల మధ్య సందులోంచి పోదామా అంటే ఆ సందు ఒక నానోమీటరుకి అటూఇటూ, ఇన్సులిన్ అణువేమో రెండున్నర, మూడు నానోమీటర్లు. ప్రోటీన్ మందుని పొట్టలో కాపాడటం తేలికే. గోడ దాటించడం కష్టం, రోజూ ఒకే మోతాదులో దాటించడం అంతకన్నా కష్టం. ఈ రంగంలో విఫలమైన ప్రయత్నాల్లో ఎక్కువ భాగం ఈ రెండిటి దగ్గరే ఆగిపోయాయి.

పోలియో చుక్కలు, రోటా చుక్కలు నోట్లో వేస్తే పనిచేస్తున్నాయిగా?

ఆ చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. కొద్దిగా పేగుకి చేరితే చాలు, అదే అక్కడ పెరుగుతుంది. హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ళ రోటావ్యాక్ కూడా ఆ రకమే. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో రోటా టీకా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా పేగు గోడలోని రోగనిరోధక కణాలకి కనబడితే చాలు, రక్తంలోకి ఇన్ని మిల్లీగ్రాములు చేరాలన్న లెక్క ఉండదు. ఇన్సులిన్ విషయంలో ఆ లెక్కే ప్రాణం.

పాంక్రియాటిన్, సెరాషియోపెప్టిడేజ్ మాత్రలూ ప్రోటీన్లే కదా?

పాంక్రియాటిన్ పని పేగులోనే. అన్నంతో కలిసి అక్కడే కొవ్వునీ పిండినీ అరిగిస్తుంది. రక్తంలోకి పోవాల్సిన పనే లేదు కాబట్టి పూత వేస్తే సరిపోతుంది. సెరాషియోపెప్టిడేజ్ కథ వేరు. వాపు తగ్గాలంటే ఇది పేగు దాటి ఒంట్లోకి చేరాలి. మన మందుల షాపుల్లో ఇప్పటికీ బాగానే అమ్ముడుపోతున్న ఈ మందుని జపాన్‌లో దాని అసలు కంపెనీయే 2011లో వెనక్కి తీసుకుంది. మళ్ళీ చేసిన ట్రయల్స్‌లో ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగని తేలలేదు. ప్రోటీన్‌ని మాత్రగా చేసినంత మాత్రాన మందు అయిపోదు.

ఇంజెక్షన్ బాగానే పనిచేస్తోందిగా, ఇంత అవస్థ దేనికి?

సూది భయం, చలువలో దాచుకోవడం, ఒకేచోట పొడిస్తే గడ్డలు కట్టడం అందరికీ తెలిసిన కారణాలే. డాక్టర్లకి అంతకంటే ఆసక్తి కలిగించేది ఇంకొకటుంది. ఆరోగ్యవంతుల్లో పాంక్రియాస్ వదిలిన ఇన్సులిన్ ముందు కాలేయానికి వెళ్తుంది, దాదాపు సగం అక్కడే ఖర్చవుతుంది. చర్మం కింద పొడిచినప్పుడు ముందు ఒళ్ళంతా తిరిగి ఆ తర్వాత కాలేయానికి చేరుతుంది. పేగులోంచి ఎక్కిన ఇన్సులిన్ మాత్రం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికే పోతుంది, సహజ మార్గం అదే. 1922 జనవరిలో టొరంటోలో మొదటి రోగికి ఇన్సులిన్ సూది వేశారు. నోటిద్వారా ఇవ్వాలన్న ప్రయత్నాలూ ఇంచుమించు అప్పటినుంచే ఉన్నాయి.

## పదార్థాలు

బయోపాలిమర్ అంటే ఒకరకం ప్లాస్టికా?

కాదు. జీవుల నుంచి వచ్చే పొడవాటి గొలుసు అణువులు ఇవి. చిటోసాన్, ఆల్జినేట్, పెక్టిన్, డెక్స్‌ట్రాన్, హయలురోనిక్ యాసిడ్, జెలటిన్, ఆల్బుమిన్, మొక్కజొన్నలోని జెయిన్ (zein) అనే ప్రోటీన్ అన్నీ ఈ కోవలోవే. పీఎల్‌జీఏ ఒంట్లో కరిగిపోతుంది గానీ ఫ్యాక్టరీలో కట్టిన పాలిమర్. ఈ రెండిటినీ కలిపేసి రాస్తే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

అందరూ చిటోసాన్‌నే ఎందుకు పట్టుకుంటారు?

దాని ధనావేశం వల్ల. పేగు లోపలి జిగట పొరకి రుణావేశం ఉంటుంది కాబట్టి చిటోసాన్ దానికి అతుక్కుంటుంది. తటస్థ పీహెచ్‌లో ఇన్సులిన్‌దీ రుణావేశమే, అందుకే రెండూ తేలిగ్గా జతకడతాయి. కణాల మధ్య సందుల్ని బిగించి ఉంచే టైట్ జంక్షన్లని కాసేపు వదులు చేయడం చిటోసాన్ మూడో గుణం, దీని మీదే ఎక్కువ పేపర్లు వచ్చాయి.

చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో రాయని సంగతి ఒకటుంది. చిటోసాన్ పీకేఏ సుమారు 6.5. పీహెచ్ అంతకన్నా పెరిగితే ఆవేశం పోతుంది, నీళ్ళలో కరగడమూ తగ్గిపోతుంది. చిన్నపేగు చివరి భాగంలో పీహెచ్ 7 దాటుతుంది. అంటే బాగా అవసరమైన చోటే చిటోసాన్ చేతులెత్తేస్తుంది. ట్రైమిథైల్ చిటోసాన్ లాంటివి వచ్చింది ఈ లోటు పూడ్చడానికే, వాటికి ఏ పీహెచ్‌లోనైనా ఆవేశం నిలుస్తుంది.

మన భీమవరం రొయ్యల పెంకులతో చేసుకోవచ్చా?

చిటోసాన్ వరకూ చేసుకోవచ్చు. రొయ్యల సాగులో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, ప్రాసెసింగ్ యూనిట్ల దగ్గర తలకాయలు, పెంకులు గుట్టలుగా మిగులుతాయి. పెంకుని పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే బుసబుసమంటూ నురగ కట్టి కాల్షియం కార్బొనేట్ పోతుంది. పలచని కాస్టిక్ సోడాలో ప్రోటీన్ పోతుంది. అప్పటికి మిగిలేది కైటిన్. దాన్ని గాఢమైన కాస్టిక్ సోడాలో వేడిచేస్తే ఎసిటైల్ గుంపులు ఊడి చిటోసాన్ అవుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ పద్ధతిని ఎప్పుడో అభివృద్ధి చేసింది, ఆ సంస్థకి విశాఖపట్నంలోనూ పరిశోధన కేంద్రం ఉంది.

మందు స్థాయి చిటోసాన్‌కి మాత్రం ఇంత చాలదు. అణుభారం, డీఎసిటైలేషన్ (ఎసిటైల్ గుంపులు ఊడిన) శాతం బ్యాచ్ బ్యాచ్‌కీ మారకూడదు. భారలోహాలు, మిగిలిపోయిన ప్రోటీన్ హద్దుల్లో ఉండాలి. సహజ పదార్థం కదా అని నిర్లక్ష్యం చేస్తే, వేసవిలో చేసిన కణాలూ వానాకాలంలో చేసిన కణాలూ వేర్వేరుగా వస్తాయి.

రొయ్యలు పడనివాళ్ళు, శాకాహారుల సంగతేంటి?

రొయ్యల అలర్జీ ముఖ్యంగా కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వల్ల వస్తుంది. బాగా శుద్ధి చేసిన చిటోసాన్‌లో అది ఉండకూడదు. అలాగని అలర్జీ ఉన్నవాళ్ళు సొంతంగా ప్రయోగం చేయొద్దు, డాక్టర్‌కి ముందే చెప్పాలి. పుట్టగొడుగులు, యాస్పర్‌జిల్లస్ లాంటి శిలీంధ్రాల నుంచి తీసే చిటోసాన్ కూడా దొరుకుతుంది, ఈ రెండు ఇబ్బందులకీ అది పనికొస్తుంది.

ఆల్జినేట్ దేనికి కలుపుతారు?

గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ ఆమ్లంలో ముడుచుకుంటుంది, తటస్థ పీహెచ్‌లో ఉబ్బి వదులవుతుంది. చిటోసాన్ దీనికి సరిగ్గా తలకిందులు. పైన ఆల్జినేట్, లోపల చిటోసాన్ ఉంటే పొట్టలో ఒకటి కాస్తుంది, పేగులో రెండోది పని మొదలుపెడుతుంది.

## ల్యాబ్‌లో

నానోకణాలు ఎలా తయారు చేస్తారు? పెద్ద యంత్రాలు కావాలా?

అక్కర్లేదు, ఈ పద్ధతి ఇంతలా పాకిపోవడానికి కారణం అదే. 1997లో స్పెయిన్‌లోని సాంటియాగో డి కంపోస్టెలా బృందం ప్రచురించిన అయానిక్ జెలేషన్ పద్ధతి ఇది. చిటోసాన్‌ని పలచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి మ్యాగ్నెటిక్ స్టిర్రర్ మీద పెడతారు. ప్రోటీన్ కలిపిన సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతారు. మొదట్లో ద్రావణం తేటగానే ఉంటుంది. ఒక దశలో బీకరుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లేత నీలి మెరుపు కనిపిస్తుంది, కణాలు కట్టాయని మొదటి గుర్తు అదే. వేడి అక్కర్లేదు, సేంద్రియ ద్రావకాలు అక్కర్లేదు. ప్రోటీన్‌కి కావాల్సింది కూడా అదే.

నాకు నీలి మెరుపు రాలేదు, తెల్లటి ముద్దలు వచ్చాయి. ఎందుకు?

చాలావరకు ట్రైపాలీఫాస్ఫేట్ ఎక్కువైపోవడమో, చుక్కలు వేగంగా పడటమో అయి ఉంటుంది. రెండిటినీ సరిచేసినా మారకపోతే పీహెచ్ చూడండి. ఇన్సులిన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) సుమారు 5.3, ఆ దరిదాపుల్లో ఇన్సులిన్ తనంతట తానే అడుగుకి దిగిపోతుంది. మీరు చూసే ముద్ద కణాలది కాకపోవచ్చు, మందుదే కావచ్చు. స్టిర్రర్‌ని నురగ వచ్చేలా తిప్పకండి. గాలి బుడగల అంచుల్లో ఇన్సులిన్ వంకర తిరిగి నారల్లా పేరుకుంటుంది, అలా పేరుకున్నది మందుగా పనికిరాదు.

ఎన్‌క్యాప్సులేషన్ (కణాల లోపలికి చేరిన మందు) 90 శాతం వచ్చింది. సక్సెస్ అనుకోవచ్చా?

ముందు ఎలా కొలిచారో చెప్పండి. సెంట్రిఫ్యూజ్ చేసి పైనీటిలో మిగిలిన ఇన్సులిన్ కొలిచి, మిగతాదంతా కణాల్లోనే ఉందనుకోవడం అలవాటైపోయింది. ట్యూబు గోడకి అంటినదీ, ముద్దకట్టి అడుగుకి దిగినదీ కూడా ఆ "లోపల" లెక్కలోనే కలిసిపోతుంది. కణాలని కరిగించి నేరుగా కొలవండి.

తర్వాత పీహెచ్ 1.2లో పెట్టి చూడండి. ఎక్కువమంది ఆశలు అక్కడే ఆవిరవుతాయి. ఆ ఆమ్లంలో ఇన్సులిన్‌దీ ధనావేశమే, చిటోసాన్‌దీ ధనావేశమే. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, పైగా చిటోసాన్ ఆమ్లంలో కరుగుతుంది. కణం విడిపోయి మందు మొత్తం కాసేపట్లో బయటపడుతుంది. ఉత్త చిటోసాన్ కణాలు పొట్ట దాటతాయని ఎవరైనా రాస్తే ఆ పరీక్షలో పెప్సిన్ వేశారో లేదో చూడండి. ఆల్జినేట్ పొర గానీ, పేగులో కరిగే క్యాప్సూల్ గానీ తోడు ఉండాల్సిందే.

సైజు ఎంత ఉండాలి? బాగా అతుక్కుంటే మంచిదేగా?

100 నుంచి 300 నానోమీటర్ల మధ్య సైజునే ఎక్కువమంది లక్ష్యంగా పెట్టుకుంటారు. అతుక్కోవడం దగ్గర మాత్రం రెండు వైపులా పదునే. జిగట పొరకి గట్టిగా అంటుకున్న కణం అందులోనే చిక్కుకుంటుంది. ఆ పొర కొన్ని గంటలకోసారి ఊడి కొట్టుకుపోతుంది, కణమూ దానితోపాటే పోతుంది. అందుకని ఇంకో వర్గం అంటుకోని, జారిపోయే పూతల వైపు వెళ్ళింది. అవి పొర దాటి గోడ దాకా చేరతాయి గానీ అక్కడ నిలవడానికి పట్టు దొరకదు. కణం పైనున్న ఆవేశాన్ని చెప్పే జీటా పొటెన్షియల్ ప్లస్ 30 మిల్లీవోల్టులు వచ్చిందని రిపోర్టులో మెరిసే గీత గీస్తారు. అది సీసాలో కణాల నిలకడకి గుర్తే తప్ప పేగులో గెలుపుకి కాదు.

ఎండబెట్టి పొడిగా దాచొచ్చా?

ఫ్రీజ్ డ్రై చేయొచ్చు. ట్రెహలోజ్ లేదా మానిటాల్ కలపకపోతే మళ్ళీ నీళ్ళు పోసినప్పుడు సైజు అమాంతం పెరిగిపోతుంది.

## జంతువుల్లో, మనుషుల్లో

కాకో-2 కణాల పరీక్షలో బాగా దాటింది. ఇక ఎలుకలకి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, ఆశ మాత్రం తగ్గించుకోండి. కాకో-2 మనిషి పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన కణాలు. మూడు వారాలు పెంచితే చిన్నపేగు గోడలా పరుచుకుంటాయి. అయితే వాటి మీద జిగట పొర లేదు, ఎంజైములు నిండిన రసం లేదు, ఆహారం లేదు, కదలిక లేదు.

ఎలుకల్లో షుగర్ బ్రహ్మాండంగా తగ్గింది. మనుషుల్లో ఎందుకు తగ్గదు?

మోతాదు చూడండి. ఎలుకలకి నోటిద్వారా కిలోకి 50 యూనిట్లు ఇచ్చిన పేపర్లు మామూలే. 70 కిలోల మనిషికి అదే లెక్క కడితే 3500 యూనిట్లు. మన దగ్గర దొరికే, ఎంఎల్‌కి 40 యూనిట్లుండే 10 ఎంఎల్ ఇన్సులిన్ సీసాలో ఉండేది మొత్తం 400. అంటే ఒక్క డోసుకి తొమ్మిది సీసాలకు దగ్గర. పైగా ఆ ఎలుకలకి రాత్రంతా తిండి పెట్టరు, మందుని గొట్టంతో నేరుగా పొట్టలోకి పంపుతారు, కొన్నిసార్లు పేగులోకే పంపుతారు. ఇడ్లీ తిని, కాఫీ తాగి, మధ్యలో మాత్ర వేసుకునే మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేడు.

1988లో డామ్జే బృందం ఇన్సులిన్ నానోక్యాప్సూళ్ళతో డయాబెటిక్ ఎలుకల్లో షుగర్ తగ్గించి చూపించింది, అది సింథటిక్ పాలిమర్. ఎలుకల్లో ఫలితం రావడం అప్పటినుంచీ వార్త కాదు.

ఒక శాతం రక్తంలోకి చేరినా చాలదా? మోతాదు పెంచితే పోలా?

రోజుకి 40 యూనిట్లు కావాల్సినవాళ్ళని తీసుకుందాం. అది సుమారు 1.4 మిల్లీగ్రాముల ఇన్సులిన్. ఒక్క శాతమే చేరితే మింగాల్సింది 140 మిల్లీగ్రాములు. నూరు పాళ్ళు కొని తొంభై తొమ్మిది పాళ్ళు పారబోసినట్టు. ఖర్చు ఒక సమస్యే. దానికన్నా భయపెట్టేది తేడా. ఇవాళ ఒక శాతం ఎక్కి, రేపు ఏ కారణం వల్లో రెండు శాతం ఎక్కితే మోతాదు రెట్టింపైనట్టే, షుగర్ 70 కిందకి పడిపోయి మనిషి కళ్ళు తిరిగి పడిపోవచ్చు.

పేగు గోడ సందులు తెరిస్తే చెడు పదార్థాలు కూడా లోపలికి పోవా?

న్యాయమైన అనుమానమే. చిటోసాన్ వల్ల వదులైన సందులు కొన్ని గంటల్లో మళ్ళీ మూసుకుంటాయని ప్రయోగాలు చెబుతున్నాయి. కానీ షుగర్ మందు ఏళ్ళ తరబడి, రోజుకి రెండు మూడుసార్లు వేసుకునేది. కొద్ది వారాల ప్రయోగం దానికి హామీ ఇవ్వలేదు. నానో మందులకి ఏయే భద్రతా వివరాలు చూపాలో మన దేశంలో 2019లో మార్గదర్శకాలు వచ్చాయి. విద్యార్థులు వాటిని ఒకసారి చదివితే ప్రాజెక్టు తీరే మారుతుంది.

## మార్కెట్, రోగులు

షుగర్‌కి ఇంజెక్షన్‌గా ఇచ్చే సెమాగ్లుటైడ్ ఇప్పుడు మాత్రగా వచ్చిందిగా. అందులో నానోకణాలేనా?

కాదు. 2019లో అమెరికా అనుమతించిన ఆ మాత్రలో నానోకణాలు లేవు, బయోపాలిమరూ లేదు. సాల్కాప్రోజేట్ సోడియం అనే చిన్న అణువు 300 మిల్లీగ్రాములు కలిపి, మందు పొట్ట గోడలోంచే ఎక్కేలా చేశారు. అయినా రక్తంలోకి చేరేది ఒక శాతమో, అంతకన్నా తక్కువో. అందుకే పరగడుపున సగం గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంట ఏమీ తినకూడదంటారు.

సెమాగ్లుటైడ్‌కి కుదిరింది ఇన్సులిన్‌కి ఎందుకు కుదరట్లేదు?

సెమాగ్లుటైడ్ అర్ధాయువు సుమారు వారం. ఒకరోజు తక్కువ ఎక్కినా, ఇంకోరోజు ఎక్కువ ఎక్కినా వారం మొత్తంలో సర్దుకుపోతుంది. మామూలు ఇన్సులిన్ రక్తంలో నిమిషాల లెక్కన ఖర్చైపోతుంది. ఏ పూటకి ఆ పూటే కొలత కుదరాలి. నా ఉద్దేశంలో మాత్రగా ఏ ప్రోటీన్ కుదురుతుందో తేల్చేది దాని పరిమాణం కన్నా ఈ నిలకడే.

ఇన్సులిన్ మాత్ర కోసం పెద్ద కంపెనీలు చేసిన ప్రయత్నాలు ఏమయ్యాయి?

బెంగళూరు బయోకాన్ వాళ్ళ ఐఎన్-105 మూడో దశ ట్రయల్ 2011లో ముఖ్య లక్ష్యాన్ని అందుకోలేదు. నోవో నార్డిస్క్ మాత్ర కథ ఇంకా విచిత్రం. 50 మంది మీద 8 వారాల ట్రయల్‌లో గ్లార్జిన్ అనే ఇన్సులిన్ ఇంజెక్షన్‌తో సమానంగా పనిచేసింది, ఆ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. అయినా ఒక్కో మాత్రలో పోయాల్సిన ఇన్సులిన్ మరీ ఎక్కువ కావడంతో గిట్టుబాటు కాదని వదిలేశారు. ఒరామెడ్ క్యాప్సూల్ 2023 జనవరిలో మూడో దశలో బోల్తా కొట్టింది. వీటిలో ఏదీ బయోపాలిమర్ నానోకణం కాదు. ఆ కోవకి చెందిన ఇన్సులిన్ మాత్ర ఇప్పటిదాకా ఏ దేశంలోనూ అమ్మకానికి రాలేదు.

చాక్లెట్‌లో ఇన్సులిన్ అని వార్త వచ్చింది, నిజమేనా?

నిజమే. 2024 జనవరిలో ఆస్ట్రేలియా, నార్వే పరిశోధకులు ప్రచురించారు. సిల్వర్ సల్ఫైడ్ క్వాంటమ్ డాట్ల (అతి చిన్న నానోకణాల) మీద ఇన్సులిన్ ఎక్కించి, పైన చిటోసాన్-గ్లూకోజ్ పూత వేశారు. షుగర్ ఎక్కువ ఉన్నప్పుడే చురుకయ్యే ఎంజైములు కాలేయంలో ఆ పూతని కరిగించి మందు వదలాలన్నది వాళ్ళ ఎత్తు. బబూన్ కోతులకి చక్కెరలేని చాక్లెట్‌లో పెట్టి ఇచ్చారు. మోతాదు తేడా సమస్యని నేరుగా ఢీకొన్న ఆలోచన కాబట్టి నాకు నచ్చింది. కాకపోతే వెండి సమ్మేళనాన్ని రోజూ మింగితే ఏళ్ళ మీద ఏమవుతుందో మనుషుల్లో తేలాలి.

ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకోమంటారా?

మళ్ళీ చిటోసాన్, మళ్ళీ ట్రైపాలీఫాస్ఫేట్, మళ్ళీ సైజు, జీటా అయితే వద్దు. తిన్నాక ఇస్తే ఎంత ఎక్కుతుంది, తినకముందు ఎంత, ఒకే జంతువులో వారం వారం ఎంత తేడా అన్నది చూస్తానంటే తప్పకుండా తీసుకోండి. పేగులోనే పనిచేసే ప్రోటీన్లని, నోటిద్వారా ఇచ్చే టీకాలని ఎంచుకున్నా మంచిదే. ఈ కణాలకి ముందుగా దారి దొరికేది అక్కడేనని నా అంచనా.

నానో ఇన్సులిన్ చుక్కలని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాడొచ్చా?

వద్దు. అనుమతి పొందిన అలాంటి మందు లేదు. టైప్ 1 ఉన్నవాళ్ళు ఇంజెక్షన్ ఆపి ఇలాంటివి నమ్ముకుంటే ఒకటి రెండు రోజుల్లోనే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్‌లోకి వెళ్ళి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

మా అమ్మకి సూదంటే భయం. మాత్ర వచ్చేదాకా ఏం చేయాలి?

పాత సిరంజి వాడుతుంటే పెన్ గురించి డాక్టర్‌ని అడగండి. పెన్ సూది 4 మిల్లీమీటర్లది దొరుకుతుంది, చాలామందికి పొడిచినట్టే తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్‌ని అలాగే చల్లగా పొడిస్తే మంట పుడుతుంది. కొత్త పెన్ అయితే కాసేపు బయట ఉంచండి, వాడుకలో ఉన్న పెన్ని చాలా రకాల్లో గది వేడిలోనే ఉంచుకోవచ్చు, ఎన్నాళ్ళన్నది పెట్టె మీద రాసి ఉంటుంది. బొడ్డుకి రెండు వేళ్ళ దూరం వదిలి, రోజూ చోటు మారుస్తూ వేయండి.